బియ్యం డబ్బాలో పాస్‌పోర్టు: గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన తల్లి, 12 ఏళ్ళ కూతురు

ఈ కేసు రాయడానికి కుటుంబం ఒప్పుకుంది. అమ్మాయి కూడా ఒప్పుకుంది. ఏవేవి రాయకూడదో తనే చెప్పింది, అవి రాయలేదు. ఊరు, బంధువులు, ఇంకొన్ని సంగతులు ఎవరూ గుర్తుపట్టకుండా మార్చాను.

ఎందుకు వచ్చారు

అమ్మాయికి 12 ఏళ్ళు. కోనసీమలో ఒక పల్లె, జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతి. ఐదారు నెలలుగా పొద్దున లేస్తూనే కడుపునొప్పి. ఎక్కడ నొప్పి అంటే బొడ్డు చుట్టూ వేలితో సున్నా చుట్టి చూపించింది. ముందు ఊళ్ళో ఆర్ఎంపీ గ్యాస్ మాత్రలిచ్చాడు. ఆ తర్వాత నులిపురుగుల మందు, అమలాపురంలో స్కానింగు, మధ్యలో దిష్టి తీయడం, తాయెత్తు. చివరికి పిల్లల డాక్టరుగారు పరీక్షలన్నీ చూశారు. బరువు తగ్గలేదు, జ్వరం లేదు, మలంలో రక్తం లేదు, నొప్పికి నిద్రలోంచి లేవడం లేదు, ఎదుగుదల వయసుకు తగ్గట్టే ఉంది. ఇవన్నీ నిర్ధారించుకున్నాకే, పిల్లల మనసుకి వైద్యం చేసే నా దగ్గరికి పంపారు. ఈ వరసే సరైనది. శరీరంలో జబ్బేమీ లేదని తేలకుండా పిల్లల నొప్పిని మనసు ఖాతాలో వెయ్యకూడదు. తేలాక కూడా ఆ నొప్పి అబద్ధమైపోదు. పేగులకీ మెదడుకీ మధ్య నరాల రాకపోకలు రెండు వైపులా సాగుతాయి. భయపడిన పిల్లకి కడుపు నిజంగానే మెలిపెడుతుంది.

వచ్చింది నలుగురు. అమ్మాయి, అమ్మమ్మ, నాన్న ఒక బెంచీ మీద సర్దుకున్నారు. తల్లి ఎదురుగా ఉన్న కుర్చీలో ఒక్కతే కూర్చుంది. నేను అడక్కముందే ఆవిడే మొదలుపెట్టింది. "నొప్పీ లేదు, ఏం లేదు మేడమ్. నేనంటే పడదు దీనికి. నేను వడ్డిస్తే తినదు. నేను పిలిస్తే పలకదు. ఏడేళ్ళు ఎవరి కోసం ఎండలో మాడాను? దీని కోసమే కదా?"

అమ్మాయి గోరు కొరుక్కుంటూ కిటికీ వైపు చూస్తోంది.

వెనక జరిగింది

నాన్న కొబ్బరి దింపు కార్మికుడు. 2015లో చెట్టు మీంచి పడి వెన్ను దెబ్బతింది. ఆపరేషన్‌కి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చారు. మళ్ళీ చెట్టెక్కే పరిస్థితి లేదు. 2016లో, అమ్మాయికి నాలుగేళ్ళప్పుడు, తల్లి ఖద్దామా (ఇంటి పనిమనిషి) వీసా మీద కువైట్ వెళ్ళింది. కోనసీమలో ఇది కొత్త కథ కాదు. అటు ఉమ్మడి కడప జిల్లాలో, రాయచోటి, రాజంపేట వైపు కూడా కాదు. ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళే ఆడవాళ్ళకి 30 ఏళ్ళు నిండి ఉండాలన్నది మన దేశపు నిబంధన. ఆ వయసుకి మన పల్లెల్లో దాదాపు ప్రతి ఆడమనిషీ తల్లి అయి ఉంటుంది. అంటే అక్కడికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది వెనక ఇక్కడ ఒక పిల్లో పిల్లాడో ఉంటారు.

వెళ్ళిన రాత్రి సంగతి అమ్మమ్మ చెప్పింది. రెండింటికి ఏజెంటు పంపిన కారు వచ్చింది. పిల్ల నిద్రపోతోంది. లేపితే ఏడ్చి గోల చేస్తుందని లేపలేదు. పొద్దున అడిగితే, "అమ్మ కొట్టుకెళ్ళింది, బిస్కెట్లు తెస్తుంది" అన్నారు. చాలా రోజులు సాయంత్రం అరుగు మీద కూర్చుని ఎదురుచూసిందట. తర్వాత అడగడం మానేసింది. "మర్చిపోయిందనుకున్నామండి. చిన్నపిల్ల కదండి" అంది అమ్మమ్మ.

2019లో తల్లి రెండు నెలలు సెలవు మీద వచ్చింది. మొదటి వారం పిల్ల తలుపు చాటునే ఉంది. ఆ తర్వాత వదల్లేదు. తిరిగి వెళ్ళే రోజున నాన్న పిల్లని మేనత్త ఊరికి తీసుకెళ్ళాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ లేదు. మళ్ళీ అదే పద్ధతి. అందరూ మంచికే చేశారు. పిల్ల ఏడుపు చూడలేక చేశారు. పిల్లకి అర్థమైంది మాత్రం వేరు: అమ్మ పోయేముందు ఎవరూ చెప్పరు. కాబట్టి కనిపెట్టుకుని ఉండాలి.

కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి 11కి పని అయ్యేసరికి ఇక్కడ ఒకటిన్నర. అందుకని శుక్రవారాలే ఇమో అనే వీడియో కాల్ యాప్‌లో మాట్లాడుకునేవారు. "తిన్నావా?" "తిన్నాను." "బాగా చదువుతున్నావా?" "ఊఁ." ఫోను అమ్మమ్మకిచ్చి పరిగెత్తేది. 2020 వేసవికి వచ్చేస్తానని తల్లి మాటిచ్చింది. కరోనాతో విమానాలు ఆగిపోయాయి. మాట తప్పిందనే అమ్మాయి లెక్క. అందులో తల్లి చేతిలో ఉన్నదెంతో ఎవరూ విడమరిచి చెప్పలేదు.

2023లో అమ్మమ్మకి షుగరు పెరిగి కాలికి పుండు పడితే తల్లి పూర్తిగా వచ్చేసింది. ట్యాబు, సెంట్లు, కువైట్ బంగారం కమ్మలు తెచ్చింది. అమ్మాయి కమ్మలు పెట్టుకోలేదు. వచ్చిన నెలలోపే తల్లి ఇంటి పగ్గాలు చేతిలోకి తీసుకుంది: ట్యూషను, నూనె రాసి రెండు జడలు, ఫోను గంటే. అమ్మమ్మ పక్కన పడుకోవడం మాన్పించాలని చూసింది. కడుపునొప్పి ఆ తర్వాతే మొదలైంది. అంతకుముందు బడి మానింది ఆటలమ్మ పోసినప్పుడే.

చూసినవి, అడిగినవి

పిల్లల ప్రవర్తనలో, మనసులో ఉన్న ఇబ్బందుల్ని అంచనా వెయ్యడానికి నేను వాడే ప్రశ్నావళుల్లో రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రచురించిన 25 ప్రశ్నలది (ఎస్‌డీక్యూ) ఒకటి. అదే ఫారం తల్లికీ అమ్మమ్మకీ విడివిడిగా చదివి వినిపించి పూర్తి చేశాను. మొత్తం మార్కులు 40కి. ఇంట్లో పెద్దవాళ్ళు నింపితే 17, ఆపైన వస్తే పట్టించుకోవాల్సిన స్థాయి. రెండు ఫారాలూ ఆ గీత దాటాయి. అయితే తల్లి ఫారంలో మార్కులు కోపం, మాట వినకపోవడం దగ్గర పడ్డాయి. అమ్మమ్మ ఫారంలో దిగులు, భయం, కడుపునొప్పి దగ్గర పడ్డాయి. ఒకే పిల్ల, ఒకే ఇల్లు. ఇలాంటి తేడా వచ్చినప్పుడు ఎవరిది నిజమని నేను తేల్చను. పిల్ల ఎవరికి ఏ ముఖం చూపిస్తోందో, ఎందుకు చూపిస్తోందో వెతుకుతాను.

నొప్పి వచ్చిన రోజు గోడ క్యాలెండర్ మీద టిక్కు పెట్టమని, ఆ రోజు ఇంట్లో ప్రత్యేకంగా ఏం జరిగిందో ఒక ముక్క రాయమని నాన్నకి చెప్పాను. ఆయన ఓపిగ్గా రాశాడు. ఆదివారాలు ఖాళీ. బడి ఉన్న రోజుల్లో టిక్కులు. ఇంకొకటి కూడా కనిపించింది. బడి లేకపోయినా తల్లి బ్యాంకుకో, అమలాపురమో వెళ్ళిన రోజుల్లో టిక్కు ఉంది. తల్లి ఇంట్లో ఉంటే పడని పిల్లకి, తల్లి బయటికెళితే నొప్పి ఎందుకొస్తుంది?

సమాధానం నా గదిలో దొరకలేదు. వాళ్ళ వంటింట్లో దొరికింది.

ఒకరోజు తల్లి బ్యాంకు పుస్తకం కోసం బీరువా తీస్తే పాస్‌పోర్టు లేదు. మళ్ళీ వెళ్ళనివ్వకూడదని నాన్నే దాచేశాడని పెద్ద గొడవ. రెండు రోజులకి అమ్మమ్మ బియ్యం కొలుస్తుంటే డబ్బా అడుగున పాలిథిన్ కవరులో చుట్టి ఉంది. తల్లి దాన్ని అలాగే తెచ్చి నా బల్ల మీద పెట్టింది. కవరుకి ఇంకా తవుడు అంటుకుని ఉంది. "చూడండి మేడమ్, ఎంత కక్షో."

అమ్మాయితో విడిగా కూర్చున్నాను. కవరు మా ఇద్దరి మధ్యా ఉంది. చాలాసేపటికి అంది: "అది లేకపోతే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు కదా."

అప్పుడు మిగతావన్నీ ఒక్కొక్కటే వచ్చాయి. బడి నుంచి రాగానే కాళ్ళు కడుక్కోకుండా ముందు బీరువా దగ్గరికెళ్ళి పాస్‌పోర్టు ఉందో లేదో చూస్తుంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది. అమ్మ మంచం వైపు చూసి, చెప్పుల వైపు చూసి పడుకుంటుంది. కమ్మలు పెట్టుకోకపోవడానికి కారణం అడిగితే, "పెట్టుకుంటే అలవాటైపోతుంది" అంది. బడికెళితే ఈ కాపలా కాయడం కుదరదు. నొప్పి వస్తే కుదురుతుంది. ఇదంతా ఆలోచించి చేసింది కాదు. శరీరం ఆ దారి కనుక్కుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 ప్రకారం ఇది విడిపోతామనే ఆందోళన, కోడ్ 6బీ05. కానీ ఇంట్లో ఎవరికీ అది ఆందోళనగా కనబడలేదు. పొగరుగా కనబడింది.

పాస్‌పోర్టు గొడవ రోజున అమ్మాయి అమ్మమ్మతో "నేను లేకపోతే ఈ గొడవే ఉండదు" అందట. ఆ మాట విన్నాక దాన్ని పక్కన పెట్టి ముందుకెళ్ళే ప్రశ్నే లేదు. చనిపోవాలనిపించిందా అని సూటిగా అడిగాను. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని పెద్దలు భయపడతారు. అలా పుట్టదు. అడిగితే పిల్లకి బరువు దిగుతుంది. ఒకటి రెండుసార్లు అనిపించింది, ఏమీ చెయ్యలేదు, ఎలా అన్న ఆలోచన లేదు. అయినా ఆ రోజే పశువుల పాకలో ఉన్న పురుగుమందు డబ్బాలు నాన్న చేత ఇల్లు దాటించాను. అమ్మమ్మ షుగరు మందులు తాళం వేసిన పెట్టెలోకి మారాయి. 14416కి ఏ వేళైనా ఫోను చేయవచ్చని, అది మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరని అందరికీ రాసిచ్చాను.

ఎలా అర్థం చేసుకున్నాను

1950ల్లో లండన్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్, ఆయనతో పనిచేసిన మనోవైద్యుడు జాన్ బౌల్బీ ఆసుపత్రుల్లో, శిశు సదనాల్లో తల్లికి దూరంగా ఉన్న పసిపిల్లల్ని గమనించారు. మొదట గట్టిగా ఏడుస్తారు. తర్వాత దిగాలుగా ముడుచుకుంటారు. ఆ తర్వాత బాగానే ఉన్నట్టు తింటారు, ఆడుకుంటారు. సర్దుకున్నారని పెద్దవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. తీరా తల్లి తిరిగొస్తే ఎవరో కొత్త మనిషిని చూసినట్టు మొహం తిప్పుకుంటారు. ఎవరి కోసం ఎక్కువ ఏడ్చారో ఆవిడ దగ్గరే ఎక్కువ బిగుసుకుపోతారు. "మర్చిపోయిందనుకున్నాం" అన్న అమ్మమ్మ మాట ఆ మూడో దశ గురించే. మొహం తిప్పుకోవడం ప్రేమ చచ్చిపోయిందనడానికి గుర్తు కాదు. మళ్ళీ దెబ్బ తగలకుండా చేసుకున్న ఏర్పాటు.

బౌల్బీ పేరు చెప్పి ఉద్యోగాలు చేసే తల్లుల్ని తప్పుపట్టేవాళ్ళు నాకు తరచూ తగులుతుంటారు. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకి ఆయన రాసిన నివేదికలోనే పిల్లకి కావలసింది తల్లితో గానీ, తల్లి స్థానంలో నిలకడగా ఉండే మనిషితో గానీ ఎడతెగని దగ్గరితనం అని ఉంది. ఈ అమ్మాయికి ఆ మనిషి అమ్మమ్మ. ఏడేళ్ళు బడి మానకుండా, అన్నం మానకుండా పెరిగిందంటే ఆ ముసలావిడ చలవే. తల్లి వచ్చీ రాగానే అమ్మమ్మ పక్కనుంచి పిల్లని లాగడంతో, పిల్ల దృష్టిలో ఉన్న ఒక్క ఆధారం కూడా కదిలింది.

తల్లిదండ్రులు వలస వెళ్ళిన పిల్లల గురించి 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. అందులో చూసిన అధ్యయనాలు 111. దిగులు, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు ఆ పిల్లల్లో ఎక్కువని తేలింది. వాటిలో చాలా భాగం చైనాలో జరిగినవి, కాబట్టి మన కోనసీమకి యథాతథంగా అంటగట్టను. కానీ దిశ నా గదిలో కనిపించేదానితో కలుస్తుంది. ఈ తల్లికి వేరే దారి ఉందా అంటే, 2016లో లేదు. ఆ అప్పు తీరింది, నాన్న లేచి నడుస్తున్నాడు, ఇంటికి స్లాబు పడింది. వెళ్ళడం ఒక గాయం. చెప్పకుండా వెళ్ళడం ఇంకొకటి. రెండోది తప్పించగలిగింది.

ఏం చేశాం

ముందు తల్లితో పని. పిల్లని చేరువ చేసుకోమని చెప్పేలోపు ఆవిడ గుండెలో ఉన్నది బయటికి రావాలి. కువైట్‌లో పనిచేసిన ఇంట్లో ఆవిడ పాస్‌పోర్టు కూడా యజమానురాలి బీరువాలోనే ఉండేది. పండక్కి పిల్ల కొత్త బట్టలేసుకున్న ఫొటో చూసి బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చేది. ఇవేవీ ఇంట్లో చెప్పుకోలేదు. చెబితే బెంగపడతారని అక్కడ బాగుందనే చెప్పింది. పిల్ల ఆ మాటే నమ్మింది: అమ్మ అక్కడ బాగుంది, నేను లేకపోయినా బాగుంది.

అందుకని పొడవాటి చార్టు మీద రెండు వరసలు గీశాం. పైన కోనసీమ, కింద కువైట్, 2016 నుంచి 2023 దాకా. ఏ ఏడు ఎవరికి ఏం జరిగిందో ఎవరి వరసలో వాళ్ళు రాయాలి. అమ్మాయి ఆటలమ్మ, బడిలో పరుగు పందెం బహుమతి, కుక్కపిల్ల చచ్చిపోవడం రాసింది. తల్లి 2018 దగ్గర, తను పనిచేసే ఇంట్లో చిన్న పిల్లాడు పుట్టాడని రాసింది.

"వాడికి నీళ్ళెవరు పోసేవారు?" అంది అమ్మాయి.

"నేనే."

"నువ్వొచ్చేసేటప్పుడు ఏడ్చాడా?"

"ఏడ్చాడు."

"వాడికి చెప్పే వచ్చావా?"

తల్లి తలూపింది. ఆ తర్వాత చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.

చెప్పకుండా వెళ్ళినందుకు క్షమాపణ చెప్పాలని తల్లీ నేనూ అంతకుముందే అనుకున్నాం. అప్పుల సంగతి ఎత్తకుండా, "కానీ" అనకుండా చెప్పడం సాధన చేశాం. ఆ రోజు అంది: "నిన్ను లేపి చెప్పి వెళ్ళాల్సింది. చెప్పలేదు. రెండుసార్లూ చెప్పలేదు. అది నా తప్పు." అమ్మాయి మంచినీళ్ళు కావాలంది. తాగింది. ఏమీ అనలేదు. ఆ వారం క్యాలెండర్ మీద టిక్కులు తగ్గలేదు కూడా. మాట ఎంత అవసరమో, ఒక్క మాటతో ఏదీ కుదుటపడకపోవడం అంత సహజం.

టిక్కులు తగ్గించింది రోజువారీ పని. వీధి తలుపు పక్కన పలక వేలాడదీశారు. తల్లి గడప దాటితే ఎక్కడికి, ఎన్ని గంటలకి వస్తుంది అన్నది రాయాలి. మూడున్నరకి రాగలిగితే నాలుగు అని రాయాలి. ఆలస్యమైతే ఆ టైము దాటకముందే అమ్మమ్మ ఫోనుకి చెయ్యాలి. మొదట్లో ఒకసారి బస్సు ఆలస్యమై, ఫోను ఛార్జింగ్ అయిపోయి, 20 నిమిషాలు దాటాక వస్తే అమ్మాయి పలక నేలకేసి కొట్టింది. తల్లి కొత్త పలక కొని మళ్ళీ రాసింది. నా దృష్టిలో ఈ వైద్యం మొత్తంలో అది అన్నిటికంటే విలువైన పని.

పాస్‌పోర్టు ఎక్కడుండాలో అమ్మాయినే అడిగాం. బీరువాలోనే ఉండాలి, తాళం అమ్మమ్మ దగ్గర ఉండాలి, ఎప్పుడడిగితే అప్పుడు చూపించాలి అంది. అలాగే చేశారు. జడలు, పక్క, రాత్రి అన్నం అమ్మమ్మకే వదిలేశాం. తల్లికంటూ కొత్తది ఒకటి ఉండాలి కదా, అది కుట్టుమిషను దగ్గర దొరికింది. తల్లి ఇంట్లోనే జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. సాయంత్రం 20 నిమిషాలు అమ్మాయి ఏం కుట్టాలంటే అది, ఎలా కుడితే అలా. ఆ కాసేపు చదువు ఊసు, సలహా, సవరణ ఏవీ ఉండకూడదు. తల్లికి ఇది కష్టమైంది. వంకర కుట్టు చూస్తూ ఊరుకోవడం ఆవిడ వల్ల అయ్యేది కాదు.

నాన్నతో వేరే మాట్లాడాను. తల్లి ఏదైనా వద్దంటే ఆయన చాటుగా ఇచ్చేసేవాడు. పిల్ల మీద జాలి అది. దానివల్ల తల్లి ఇంకా పరాయిదైపోతోందని చెబితే అర్థం చేసుకున్నాడు. బడిలో క్లాసు టీచరుగారు సహకరించారు. మొదట మధ్యాహ్న భోజనం దాకా, ఆ తర్వాత పూర్తి రోజు. భోజనం బెల్లులో ఇంటికి ఒక ఫోను. కొన్ని వారాలకి ఆ ఫోను దానంతటదే ఆగిపోయింది.

మధ్యలో ఒకసారి వెనక్కి పడింది. ఏజెంటు మళ్ళీ వీసా ఉందని ఫోను చేశాడు. అదే రోజు ట్యూషను దగ్గర మాటా మాటా పెరిగి తల్లి అంది: "నేను మళ్ళీ కువైట్ పోతేగానీ నీకు బుద్ధి రాదు." వారమంతా నొప్పి. మన ఇళ్ళల్లో "నిన్ను వదిలేసి పోతా", "హాస్టల్లో పడేస్తా", "బూచాడికిచ్చేస్తా" అనడం ఎంత మామూలో అందరికీ తెలుసు. పిల్లని అదుపులో పెట్టడానికి వదిలేస్తానని బెదిరించడం ఎంత చేటో బౌల్బీ గట్టిగా రాశాడు. ఇక్కడ అది ఉత్త బెదిరింపు కూడా కాదు, రెండుసార్లు నిజంగా జరిగింది. ఆ మాట ఇక ఆ ఇంట్లో ఎవరూ అనకూడదని నలుగురూ ఒప్పుకున్నారు.

ఇప్పుడు

అమ్మాయి ఎనిమిదిలోకి వచ్చింది. టిక్కులు నెలకి రెండో మూడో. ప్రశ్నావళి మళ్ళీ నింపితే రెండు ఫారాలూ 17 కిందికి దిగాయి, తల్లిదీ అమ్మమ్మదీ దగ్గర దగ్గరగా వచ్చాయి. తల్లి వడ్డిస్తే తింటుంది. కమ్మలు ఇంకా పెట్టుకోలేదు. పెట్టుకోమని ఎవరూ అడగొద్దన్నాను. రాత్రి మెలకువ అప్పుడప్పుడూ వస్తూనే ఉంది.

వెళ్ళక తప్పని వాళ్ళు నా దగ్గరికి సలహాకి వస్తారు. పిల్ల మేలుకుని ఉండగా, పగటిపూట చెప్పి వెళ్ళమంటాను. ఏడుస్తుంది, ఏడవనివ్వాలి. ఎక్కడ పడుకుంటావో, ఏం పని చేస్తావో, ఎప్పుడు ఫోను చేస్తావో ముందే చెప్పాలి. వారానికి ఒక్కసారైనా ఆ టైము తప్పకూడదు. వచ్చే తేదీ ఖాయం కాకపోతే తేదీ చెప్పొద్దు. ఇక్కడ చూసుకునే మనిషిని మాటిమాటికీ మార్చొద్దు. తిరిగొచ్చాక ఆ మనిషి చేతిలోంచి పిల్లని లాక్కోవద్దు. పిల్ల దగ్గరికి రావడానికి నెలలు పట్టొచ్చు, ఏడాది కూడా పట్టొచ్చు.

ఈ కుటుంబానికి ముందున్నది అమ్మమ్మ కంటి ఆపరేషన్. రెండు రోజులు కాకినాడలో ఉండాలి. తేదీ, ఆసుపత్రి పేరు, తిరిగొచ్చే బస్సు టైము పలక మీద రాశారు. ఆ రెండు రాత్రులు ఎవరి పక్కన పడుకుంటుందో అమ్మాయి ఇంకా చెప్పలేదు. ఆ సంగతి మాట్లాడుకోవడానికే వచ్చే వారం అందరూ వస్తున్నారు.